గుంజకు సున్నం

మౌలాబీ కండెల బుట్ట తెచ్చి గడపలో పెట్టగానే బుచ్చన్న మగ్గం ఆపుతాడు. దారం చుట్టిన కండెలు ఒక్కొక్కటే తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. చెంపకు ఆనించుకుంటాడు. కొస లాగి బిగువు చూస్తాడు. తడి తగిలిందేమో, ముడి దాచిందేమో, ఒకటి తగ్గిందేమో. అన్నీ అయ్యాక గానీ బుట్ట లోపలికి తీసుకోడు. అనుమానం లేనిదే ఆయనకు అన్నం సయించదని గద్వాలలో వాగు ఒడ్డు వీధి, కింది గేరిలో అందరికీ తెలుసు. పెళ్ళాం భాగ్యమ్మ వడ్డించిన కూరను కూడా ముందు వేలితో కెలికి చూసే మనిషి.

"రోజూ చుట్టే చేతులే గద బుచ్చన్నా. ఏం జూస్తవ్?" అంది మౌలాబీ.

"చేతులు అవే. దారం అదేనా అని చూస్తున్న."

మౌలాబీ నవ్వి కొంగు సర్దుకుంది. పక్కింటి మనిషి, రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఎన్ని మాటలన్నా ఆమెకు కోపం రాదు. రాకపోవడమే బుచ్చన్నకు ఇంకో అనుమానం. రెండేళ్ళ కింద వాగు పొంగినప్పుడు ఈ గేరిలో నేతగాళ్ళు కాళ్ళు దించుకునే మగ్గం గుంటలన్నిటిలోంచి బురద ఎత్తిపోసింది ఆమే. ఎవరి గుంటలోంచి ఎన్ని తట్టలు వచ్చాయో ఆమెకు తెలుసు. బుచ్చన్న గుంటలోంచి పదకొండు తట్టలు వచ్చాయి. ఇంతవరకు ఆ మాట ఎక్కడా అనలేదు. ఎందుకు దాచుకుందో, ఎప్పుడు బయటపెడుతుందో అని ఆయన రోజూ ఆమె మొహం వంక చూస్తుంటాడు.

దాచాల్సిన సంగతే మరి. గేరిలో పద్నాలుగు మగ్గాలకు నిలువు దారాల పడుగులిచ్చే సావుకారు రామచంద్రయ్య, ఆ వరదలో నాలుగు పట్టు పడుగులు కుళ్ళిపోయాక ఒకటే మాట చెప్పాడు. నీళ్ళొచ్చిన ఇంట్లో ఇక పట్టు ఎక్కించేది లేదు. బుచ్చన్న, భాగ్యమ్మ నీళ్ళు గడప దాటేలోపలే పడుగు ఊడదీసి అటుక మీదికి ఎక్కించుకున్నారు. తెల్లారి సావుకారు గుమాస్తా వస్తే, మా ఇల్లు రెండు మెట్లు ఎత్తు, మాకు చుక్క రాలేదని చెప్పాడు. పట్టంచు చీర అట్లా ఆయన మగ్గం మీద నిలిచింది. ఆ నాలుగిళ్ళవాళ్ళు రెండేళ్ళుగా ముతక నూలు నేస్తున్నారు. రెండు పూటల తినేవాళ్ళు ఒక పూటకు దిగారు.

బుచ్చన్న మళ్ళీ గుంటలోకి కాళ్ళు దించి, అడ్డదారం ఆడించే నాడె అందుకున్నాడో లేదో, పై ఇంటి మల్లేశ్ గడపలోకి వచ్చాడు. బాలయ్య కొడుకు, తానూ నేతగాడే.

"అన్నా, రేపు పొద్దుగాల బడి కాడికి రావాలె. అచ్చంపేట నుంచి వరదల పని చూసే పుష్ప మేడం వచ్చింది. వాగు పొంగితే ఎట్ల జేయాల్నో అందరం గలిసి అనుకుందమంటుంది. నేల మీద మన గేరి పటం గీస్తరంట."

"పటమెందుకు? గేరి యాడుందో మనకు తెల్వదా?"

"నీళ్ళు ఎవరింటికి ఎంత వచ్చినయో గుర్తు పెడతరంట."

బుచ్చన్న కాలు తొక్కుడుకర్ర మీదే ఆగిపోయింది. మౌలాబీ ఖాళీ బుట్ట ఎత్తుకుని లేస్తూ ఆయన వంక చూసింది. మామూలుగానే చూసింది. బుచ్చన్నకు మాత్రం అది మామూలు చూపులా అనిపించలేదు.

"గుర్తులు పెట్టేది ఇండ్లు కూలగొట్టనీకే," అన్నాడు బుచ్చన్న, మల్లేశ్ అటు వెళ్ళగానే. "లేకుంటే సావుకారే పంపిండు దాన్ని. ఎవరింట్ల నీళ్ళొచ్చినయో మన నోట్లకెళ్ళే తీస్తుండు."

"ఆమె మొహం గూడ చూడలే నువ్వు," అంది భాగ్యమ్మ అంచువైపు కూర్చుని పట్టు కండె నాడెలో పెడుతూ.

"చూడాల్నా? నీళ్ళ లెక్క అడిగినోళ్ళకు ఇంకేం పని?"

*

బడి ముందు నేలను నీళ్ళు చల్లి చదును చేశారు. పుష్ప పాతికేళ్ళ పిల్ల, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, ముగ్గుపిండి గుప్పిట పట్టుకుని వంగి గీస్తోంది. ఇటు వాగు, అటు బడి ఉన్న మిట్ట, రెంటికీ నడుమ మోరీ. మోరీ మీద దారి పల్లం. వాన పడితే ముందు మునిగేది అదే. వాగు ఒడ్డున పద్నాలుగు మగ్గాల ఇళ్ళు, మౌలాబీది కలిపి పదిహేను గళ్ళు. ఆడవాళ్ళు దగ్గరుండి సరిచేస్తున్నారు. మా ఇల్లు ఇంత వంకర లేదని ఒకామె అంటే పుష్ప చేత్తో చెరిపి మళ్ళీ గీసింది. ముగ్గు బాగానే వేస్తోంది, అచ్చంపేటలో గొబ్బెమ్మల వాకిళ్ళు చాలానే చూసినట్టుందని భాగ్యమ్మ మెచ్చుకుంది.

తర్వాత పుష్ప చింతగింజల సంచి విప్పింది.

"చీలమండ దాంక వస్తే ఒక గింజ. మోకాళ్ళ దాంక రెండు. నడుముకు మూడు, ఛాతీకి నాలుగు, మెడకు ఐదు. ఎవరిల్లు వాళ్ళది. పోయినసారి ఎంతొచ్చినయో అంతే పెట్టండి. దాన్ని బట్టే ఎవరిని ముందు తీసుకపోవాల్నో, యాడికి తీసుకపోవాల్నో అనుకుందాం."

బుచ్చన్న గింజలను చూడలేదు. బడి గోడకు సైకిల్ ఆనించి, నోట్లో ఆకు వక్క నములుతూ నిలబడ్డ మనిషిని చూశాడు. కురుమూర్తి. సావుకారు గుమాస్తా. ఊరికే ఇటుగా పోతూ ఆగినట్టు నిలబడ్డాడు. ఊరికే పోయేవాళ్ళెవరూ సైకిల్ దిగి గోడకు ఆనించరు.

"చూసినవా," అని భాగ్యమ్మను మోచేత్తో పొడిచాడు.

అతన్ని చూసింది బుచ్చన్న ఒక్కడే కాదు. ముతక నూలు నేసే నాలుగిళ్ళవాళ్ళు వెళ్ళి మూడేసి గింజలు పెట్టి వచ్చారు. వాళ్ళకు పోయేదేమీ లేదు. మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు నక్కారు. మల్లేశ్ మూడు గింజలు తీసుకుని తన గడి దాకా వెళ్ళి, కురుమూర్తి వంక ఒకసారి చూసి, ఒకటే పెట్టి రెండు గుప్పిట్లోనే ఉంచుకున్నాడు. ఆ తర్వాత అందరివీ ఒకటే గింజ; సావుకారు అడిగితే నీళ్ళు వాకిట్లోకే వచ్చాయని చెప్పుకోవచ్చు. బుచ్చన్న వంతు వచ్చింది. సంచిలో చెయ్యి పెట్టలేదు.

"మా ఇంటికి రాలే. రెండు మెట్లెత్తు."

చివరికి మౌలాబీ వచ్చింది. గోచీ పెట్టినట్టు చీర ఎగదోపుకుని గొంతుక్కూర్చుంది. మూడు గింజలు పెట్టింది. లేవబోయి ఆగింది. ఏదో లెక్క గుర్తు చేసుకున్నట్టు కాసేపు నేల వంక చూసింది. సంచిలోంచి ఇంకో రెండు తీసి ఆ మూడింటి పక్కన, కొంచెం ఎడంగా, బుచ్చన్న ఇంటి గోడ గీతను ఆనించి పెట్టింది.

గుంపులో నవ్వు పుట్టింది. "మెడ దాంక వస్తే నువ్వు ఎట్ల బతికినవే మౌలాబీ," అన్నారెవరో. "సర్కారు బియ్యమిస్తదని ఇన్నది," అన్నారు ఇంకొకరు.

 మౌలాబీ చేతులు దులుపుకుని వెళ్ళి తన మేక తాడు పట్టుకుంది.

పుష్ప మాత్రం రెండు గళ్ళ వంక మార్చి మార్చి చూసింది. "నడుమ ఒకటే గోడ. ఇటు ఐదు, అటు సున్నా. ఇదెట్ల పెద్దనాయినా?"

"చెప్తి గద. మా అరుగు ఎత్తు," అన్నాడు బుచ్చన్న. గొంతు తనకే గట్టిగా వినిపించింది. "నమ్మకుంటే వచ్చి మెట్లు చూస్కో."

పుష్ప అపనమ్మకంగా ఏమీ అనలేదు. పుస్తకంలో రాసుకుంది. అనుమానమంటే బుచ్చన్నకు తెలిసిన విద్య. ఎదుటి మనిషి అనుమానించకుండా రాసుకోవడం ఆయనకు మింగుడు పడలేదు. ఏం రాసుకుందో అని ఇంటికి పోయేదాకా గొణుగుతూనే ఉన్నాడు.

*

మూడో రోజు బడి గోడకు రంగుల పటం అంటించారు. నీళ్ళెక్కువ వచ్చే ఇళ్ళకు ఎరుపు, కొంచెం వచ్చేవాటికి పసుపు. కింది గేరి మొత్తంలో ఒకే ఒక్క ఇంటికి ఆకుపచ్చ. అది బుచ్చన్నది.

ఆ మధ్యాహ్నమే కురుమూర్తి సైకిల్ మీద కొత్త పడుగు కట్టుకొచ్చాడు. అంచుకు కుంకుమ రంగు పట్టు, పెళ్ళి చీర. వనపర్తి వాళ్ళ ఆర్డరు, పదిహేను రోజుల్లో కావాలి. "సావుకారు పటం సంగతి ఇని శాన సంతోషపడ్డడు. పచ్చ రంగు ఇంటికే ఇయ్యమన్నడు," అని నవ్వాడు. బుచ్చన్న పడుగు కట్టను ఒళ్ళో పెట్టుకుని పట్టు మీద చెయ్యి వేసి చూశాడు. ఇంత మంచి పట్టు చేతికొచ్చి ఏడాది దాటింది. ఆ కాసేపు ఆయనకు ఎవరి మీదా అనుమానం లేదు.

సాయంత్రం మల్లేశ్ వచ్చి పటం కింద రాసిన కాగితం చదివి వినిపించాడు. వాగుకు పైనున్న చెరువు కట్ట దగ్గర చాయ్ హోటలు పెట్టుకున్న జలాలుద్దీన్, నీళ్ళు అలుగు దాటగానే ఎర్రగుడ్డ ఎగరేస్తాడు. అది చూసి బడి గంట కొడతారు. నడవగలిగినవాళ్ళు మోరీ దాటి బడికి పోవాలి. నడవలేని ముసలివాళ్ళు, చిన్నపిల్లలు మోరీ దాకా పోకుండా దగ్గర్లోనే ఉన్న ఎత్తు ఇంట్లోకి.

"యాడ?" అన్నాడు బుచ్చన్న.

"నీ ఇంట్లకే అన్నా. మా నాయిన, ఇంక తొమ్మిది మంది పిల్లలు. నీళ్ళు రాని ఇల్లు నీదొక్కటే గద."

 మల్లేశ్ వెళ్ళాక బుచ్చన్న తలుపు వేశాడు.

"ఇదేదో పన్నాగం. పచ్చ రంగేసి ఇల్లు పట్టుకుంటుండ్రు. పది మంది లోపలికొస్తే పడుగు ఉంటదా? పట్టు మీద కాళ్ళు పెడతరు."

"పడుగు సంగతి వదిలెయ్," అంది భాగ్యమ్మ. చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆపింది. "నీళ్ళొస్తె ఏం జేస్తవ్? పోయి చెప్పు ఆ పిల్లకు."

"చెప్పి? ముతక నూలు నేస్తవా?"

"నేస్త. ఆ నాల్గిండ్లోళ్ళు నేస్తలేరా?"

"ఈ రెండేండ్లల్ల మళ్ళొచ్చినయా నీళ్ళు? రావు," అన్నాడు. ఆ మాట మీద ఆయనకు నమ్మకం లేదని ఇద్దరికీ తెలుసు. భాగ్యమ్మ మళ్ళీ చింతపండు పిసకడం మొదలుపెట్టింది. ఆ పూట కూర ఆయన కెలకకుండానే తిన్నాడు.

*

ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూద్దామంది పుష్ప. ఐదో రోజు పొద్దున గంట కొట్టారు. ఆడవాళ్ళు నవ్వుతూ, మూటలు పట్టుకుని బడివైపు నడిచారు. మల్లేశ్, ఇంకొకరు కలిసి బాలయ్యను కుర్చీలో కూర్చోబెట్టి బుచ్చన్న ఇంట్లోకి ఎత్తుకొచ్చి మగ్గం పక్కన దించారు. ముప్పై ఏళ్ళు గుంటలో కాళ్ళు పెట్టి నేసిన మనిషి, ఇప్పుడు ఆ కాళ్ళే పనికి రాకుండా పోయాయి. వెనకాలే పిల్లలు తొమ్మిది మంది. ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చున్నారు. నలుగురు మగ్గం గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడదీసి ఊపుతున్నారు.

"పట్టు ముట్టకుండ్రి," అని బుచ్చన్న అరవబోయి ఆగాడు. ఆయన చూపు పడుగు మీద లేదు. ఊగుతున్న ఆ కాళ్ళ మీద ఉంది. గుంట నడుము లోతు. పెద్దవాళ్ళ నడుము లోతు. పిల్లలకైతే తల మునుగుతుంది. నీళ్ళు గది నిండా పరచుకుంటే నేల ఎక్కడో గుంట ఎక్కడో తెలియదు. రెండేళ్ళ కింద పదకొండు తట్టల బురద ఎత్తినప్పుడు తొమ్మిదో తట్టలో మౌలాబీ మేకపిల్ల వచ్చింది. నీళ్ళ భయానికి ఎత్తు ఇల్లని అదే మెట్లెక్కి వచ్చి ఈ గుంటలో పడింది. మౌలాబీ దాన్ని తట్టలోనే గోనెసంచి కప్పి తీసుకుపోయింది. ఒక్క మాట అనలేదు.

"బుచ్చిగా," అన్నాడు బాలయ్య.

"ఏంది మామా?"

ముసలాయన కుర్చీలోంచి చెయ్యి చాపి మగ్గం గుంజను పట్టుకున్నాడు. బొటనవేలి గోరుతో గీకాడు. సున్నం పెచ్చు ఊడి, కింద బురద మరక బయటపడింది. నేలకు మోకాలెత్తున ఆగిన గీత, పక్క గుంజకూ అంతే ఎత్తున.

"గోడలకు సున్నమేస్తరు. గుంజకు ఎవడన్న ఏస్తడారా? కట్టె ఊపిరాడక పుచ్చిపోతది. గిది నీకు తెల్వదా?"

 గుంజకు సున్నం వేసిన నేతగాడు గద్వాలలో ఆయన ఒక్కడే అయి ఉంటాడు. రెండేళ్ళుగా రోజూ కళ్ళముందే ఉన్నా, ఎవరైనా కనిపెడతారన్న అనుమానం మాత్రం రాలేదు. ఊరందరినీ అనుమానించే మనిషికి తన చేతి పని మీద అంత నమ్మకం.

బాలయ్య గొంతు తగ్గించాడు. "నేనొచ్చి కూసునేది ఈడనే గద. జర చెప్పరాదూ."

"మీ మల్లేశ్ గూడ రెండు గింజలు గుప్పిట్ల పెట్టుకున్నడు మామా."

"తెల్సు. నేనే పెట్టుకొమ్మన్న," అన్నాడు బాలయ్య. అరచేతికంటిన సున్నం పంచెకు తుడుచుకున్నాడు.  పిల్లలు కాళ్ళు ఊపుతూనే ఉన్నారు.

ఆ సాయంత్రం బుచ్చన్న బడి దాకా వెళ్ళాడు. పుష్ప గోడ మీద పటం సరిచేస్తోంది. పక్కనే కురుమూర్తి పటం చూస్తూ నిలబడి ఉన్నాడు. బుచ్చన్న గేటు దాకా వెళ్ళి, చెప్పు తెగిందన్నట్టు వంగి, సరిచేసుకుని, వెనక్కి తిరిగాడు.

*

ఏడో రోజు నుంచి వాన. రెండు రోజులు ఏకధాటిగా కురిసింది. పట్టు చెమ్మకు సాగుతుందని బుచ్చన్న మగ్గం కింద కుంపటి పెట్టి నేశాడు. పెళ్ళి చీర సగానికి వచ్చింది. భాగ్యమ్మ అంచు నాడె అందిస్తూ మాటిమాటికీ వాకిలివైపు చూస్తోంది. తొమ్మిదో రోజు పొద్దున కురుమూర్తి గొడుగేసుకుని వచ్చాడు. సావుకారు పడుగు చూసి రమ్మన్నాడట. వచ్చి మెట్టు మీద నిలబడ్డాడు.

"పడుగు అటుక మీదికి ఎక్కిద్దామా?" అంది భాగ్యమ్మ.

"ఎందుకు? పచ్చ రంగు ఇల్లు గద," అన్నాడు కురుమూర్తి. నవ్వుతున్నాడో, పరీక్షిస్తున్నాడో బుచ్చన్నకు అంతుపట్టలేదు.

అప్పుడే బడి గంట మోగింది. ఉత్తుత్తి రోజు మోగినట్టు కాదు. ఆగకుండా మోగింది.

గేరిలో తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. మూటలు, గంపలు, మేకలు. ఎవరూ నవ్వడం లేదు. మల్లేశ్, ఇంకొకరు బాలయ్య కుర్చీని ఎత్తుకుని వానలో పరుగున వస్తున్నారు. వెనక పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వస్తున్నారు. అందరికంటే చిన్నపిల్ల మల్లేశ్ కూతురు, మూడేళ్ళది, నెత్తిన చాట బోర్లించుకుంది. కుర్చీ మొదటి మెట్టు ఎక్కింది.

బుచ్చన్న గడపకు అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులు చాపి దర్వాజా రెండు పక్కలా పట్టుకున్నాడు.

"లోపలికి తేవొద్దు."

"ఏంది అన్నా?" మల్లేశ్ మొహం మీద వాన కారుతోంది. "పట్టు ఖరాబైతదనా? మా నాయిన కంటె ఎక్కువా నీ పట్టు?"

"ఇంట్ల నీళ్ళొస్తయి." తల పైకెత్తి మళ్ళీ అన్నాడు. "పోయినసారి గూడ వచ్చినయి. మోకాళ్ళ దాంక. గుంట మునిగితే కనపడదు. పోరగాండ్లు పడిపోతరు. నేను అబద్ధమాడిన."

మెట్టు మీద కురుమూర్తి గొడుగు ఆయనవైపు తిరిగింది. బుచ్చన్న అటు చూడలేదు. చూడకపోయినా వినపడిందని తెలుసు.  అయినా చేతులు దించలేదు.

"ఇన్నొద్దులు ఏం జేసినవ్," అన్నాడు మల్లేశ్. "ఇప్పుడు జెప్తున్నవా?"

"తర్వాత తిట్టు, పడత. మోరీ మీద ఇంక దారి ఉన్నది. బడికి తీసుకపోదాం. నడు."

కుర్చీతో మోరీ దాటడం కుదరదు. బుచ్చన్న ముందుకు వంగి బాలయ్యను వీపున ఎక్కించుకున్నాడు. ముసలాయన చేతులు మెడ చుట్టూ బిగుసుకున్నాయి. భాగ్యమ్మ లోపలికి ఒక్కసారి తిరిగి మగ్గం వంక చూసింది. సగం నేసిన కుంకుమరంగు అంచు, దానికింద కుంపటి. వచ్చి చాట పిల్లను చంకనేసుకుని, ఇంకో ఇద్దరి చేతులు పట్టుకుని మెట్లు దిగింది.

"మరి పడుగు?" అని కురుమూర్తి అరిచాడు. "ఎవరు దించుతరు పడుగు?"

"నువ్వే దించు. చేతులున్నయి గద," అన్నాడు బుచ్చన్న వెనక్కి తిరక్కుండా.

పదేళ్ళుగా పడుగులు పంచే కురుమూర్తికి పడుగు ఎక్కడ విప్పాలో తెలియదు. కాసేపు మగ్గం చుట్టూ తిరిగి, గొడుగు ముడిచి, తానూ వాళ్ళ వెనకే పరుగు తీశాడు.

మోరీ మీద నీళ్ళు అప్పటికే మోకాళ్ళకు వచ్చాయి. ఎర్రగా, చల్లగా, కాలు పెట్టిన చోట నిలవనీయకుండా లాగుతున్నాయి. మల్లేశ్ ముందు నడుస్తూ కర్రతో లోతు చూస్తున్నాడు. బుచ్చన్న అడుగు తీసి అడుగు వేసే ముందు పాదంతో తడిమాడు. నలభై ఏళ్ళు తొక్కుడుకర్రలను చూడకుండా వెతుక్కున్న కాళ్ళు, నీళ్ళ కింద రాళ్ళను అట్లాగే వెతుక్కున్నాయి. మిట్ట ఎక్కాక బాలయ్యను అరుగు మీద దించి ఆయన మళ్ళీ వెనక్కి వెళ్ళాడు, మిగిలిన పిల్లల కోసం. మూడోసారి తిరిగి వచ్చేసరికి నీళ్ళు నడుము దాటాయి. ఆ తర్వాత మోరీ కనపడలేదు.

*

బడి అరుగు మీద గేరి అంతా ఉంది. పుష్ప పేర్లు పిలుస్తోంది, ఒక్కొక్కరూ పలుకుతున్నారు. అందరూ పలికారు. కింద ఇళ్ళ కప్పులు కనపడుతున్నాయి. బుచ్చన్న తన మెట్ల కోసం చూశాడు. రెండు మెట్లూ లేవు. ఆ పైన గడప కూడా లేదు. పోయినసారి కంటే ఎక్కువే వచ్చాయి. లోపల పెళ్ళి చీర ఏమై ఉంటుందో ఊహించుకోవద్దనుకుంటూనే ఊహించుకున్నాడు.

మౌలాబీ మేకను కిటికీ చువ్వకు కట్టేసి వచ్చి పక్కన కూర్చుంది. ఒళ్ళో కండెల బుట్ట, పైన ప్లాస్టిక్ సంచి కట్టి.

"నీవే. పొద్దుగాల చుట్టినయి. తడువలే," అంది.

బుచ్చన్న అందుకున్నాడు. సంచి విప్పలేదు, ముక్కు దగ్గర పెట్టుకోలేదు. బుట్ట అట్లాగే ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒక మాట అడుగుత మౌలాబీ. ఐదు గింజలు ఎందుకు పెట్టినవ్? నీ ఇంట్ల నడుము దాంకనే గద వచ్చినయి. నాకు తెల్వదా?"

"నావి మూడే."

"ఐదు పెడితివి. నేను చూస్తి."

"నావి మూడు. ఆ రెండు నీవి," అంది మౌలాబీ. "నీ ఇంట్ల పెడితె నీ పట్టు పోతది. అసలుకే పెట్టకుంటె అబద్ధమైతది. మరి యాడ పెట్టాలె? గోడ కాడ పెట్టిన. ఆ పిల్ల అడుగుతదనుకున్న. అడిగింది గూడ. నువ్వు చెప్తవనుకున్న."

ఊరంతా నవ్వినప్పుడు ఆమె చేతులు దులుపుకోవడం బుచ్చన్నకు గుర్తొచ్చింది. తట్ట మీద గోనెసంచి కప్పడం గుర్తొచ్చింది. రెండేళ్ళు ఈ మనిషి మొహంలో మోసం వెతికాడు. ఆయనకు ఏడుపొచ్చింది. వాన నీళ్ళని అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

"మేకపిల్ల సంగతి గూడ ఎవరికీ చెప్పలే నువ్వు," అన్నాడు.

"చెప్తె బతుకుతదా?" అంది మౌలాబీ.

*

నీళ్ళు తీసిన మూడో రోజు కురుమూర్తి వచ్చి మగ్గం మీది పట్టు విప్పించుకుపోయాడు. కుంకుమ రంగు తెల్ల నూల్లోకి దిగి, చీర ఎందుకూ కొరగాకుండా పోయింది. "సావుకారు మాట మీకు తెల్సు," అని ముతక నూలు పడుగు అరుగు మీద పెట్టాడు. భాగ్యమ్మ తీసుకుని లోపల పెట్టింది. బుచ్చన్న గుంజల మీది సున్నం ఇటుక ముక్కతో గీకుతున్నాడు.

మధ్యాహ్నం పుష్ప మళ్ళీ ముగ్గు వేసింది. మళ్ళీ పదిహేను గళ్ళు, మళ్ళీ చింతగింజల సంచి. ముందు పోయినసారి గింజలు పెట్టినవి పెట్టినట్టే పెట్టింది, పాత వరద లెక్కలో తప్పుంటే మీరే సరిచేయండని. కురుమూర్తి కూడా వచ్చాడు. అదే గోడకు సైకిల్ ఆనించి నిలబడ్డాడు. పట్టు మీద ఇంకా ఆశ ఉన్న జనం ఒకరి వెనక ఒకరు నక్కారు.

బుచ్చన్న ముందుకు నడిచాడు. సంచి దగ్గర ఆగలేదు. మౌలాబీ గడి ముందు గొంతుక్కూర్చుని, గోడ గీతను ఆనుకుని ఉన్న రెండు గింజలు తీసి, గీత దాటించి తన ఇంట్లో పెట్టాడు. పెట్టి, కురుమూర్తి వంక చూశాడు. కురుమూర్తే మొహం తిప్పుకున్నాడు.

 బాలయ్య కుర్చీలోంచి దగ్గాడు. మల్లేశ్ మెల్లగా వచ్చి సంచిలో చెయ్యి పెట్టి ఒక గింజ తీసి తన గడిలో కలిపాడు. రెండయ్యాయి. ఇక వెళ్ళబోయాడు.

"ఆగు," అన్నాడు బుచ్చన్న. పాత అనుమానం గొంతులోకి తిరిగి వచ్చింది. "పోయినసారి గుప్పిట్ల రెండు దాచినవ్. ఇంకొకటేది?"

"రెండే అన్నా. నిజంగ రెండే."

"నడు మీ ఇంటికి," అని బుచ్చన్న లేచి, మోకాళ్ళకంటిన ముగ్గు దులుపుకున్నాడు. "గుంజలు జూపియ్యి."